నూటిలో ఆ అయిదుగురు

కరవు సీమలో పుట్టినవారికి వాగ్దానాలను పరీక్షించి చూడడం ఎవరూ నేర్పనక్కరలేదు. ఏటా మృగశిర కార్తె వచ్చేసరికి ఆకాశం మనకొక మాట ఇస్తుంది. ఆ మాట నమ్మి రైతు అప్పు తెచ్చిన వేరుశనగ విత్తనాన్ని భూమిలో వేస్తాడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొనే ఈ పీఠభూమిలో ఆ మాట నిలిచిన సంవత్సరాలకంటె తప్పిన సంవత్సరాలే పెద్దలకు ఎక్కువ జ్ఞాపకం. అందుచేత కదిరి ప్రాంతపు రైతు ఏ వస్తువునూ పేరు చూసి కొనడు. మన ఊరి వ్యవసాయ పరిశోధన స్థానంలో పుట్టిన ‘కదిరి–6’ విత్తనమైనా సరే, తరువాత వచ్చిన ‘కదిరి లేపాక్షి’ అయినా సరే, “నిరుడు ఎవరి చేనిలో వేశారు? వాన ఎన్ని దినాలు ఎగ్గొట్టింది? ఎకరాకు ఎన్ని మూటలు దిగింది?” అని అడిగి తెలుసుకొన్న తరువాతనే సంచికి డబ్బు చెల్లిస్తాడు.

ఇంతటి జాగ్రత్త గల మనము, మన ప్రాణానికి వెల కట్టి ఇచ్చే కాగితాన్ని కొనేటప్పుడు మాత్రం ఒక్క ప్రశ్న అయినా అడగము. ఏజెంటు మన బంధువు, లేదా బంధువుకు స్నేహితుడు. ఆ మొహమాటమే మనకు పూచీ. బీమా కంపెనీని ఎన్నుకొనడం ఎట్లా అనే విషయంపై వ్రాయాలని తలచినప్పుడు, వాణిజ్యశాస్త్రం బోధించేవాణ్ణి గనుక ఒక పాఠం వ్రాసి ఇస్తే సరిపోతుందనుకొన్నాను. కాని కలం పట్టిన తరువాత పాఠం సాగలేదు. ఈ విషయంలో నాకు తెలిసినదంతా నేను చేసిన ఒక తప్పు వలన తెలిసినది. కనుక ఆ తప్పుతోనే మొదలుపెడతాను.

నాకు పదవయేట మా అబ్బా కన్నుమూశారు. అమ్మీనీ నన్నూ మామూ, అనగా మా మేనమామ, తన ఇంటికి తెచ్చుకొన్నారు. కదిరిలో ఆయనకు మోటారు వైండింగు దుకాణం ఉండేది. బోర్లలో నీరు అడుగంటితే మోటార్లు కాలిపోతాయి. మోటార్లు కాలితే మామూకు పని. “పదిమంది కష్టంతో మన పొయ్యి వెలుగుతున్నది బేటా” అని ఆయన అనేవారు. ఆ మాట అనేటప్పుడు నవ్వేవారు కారు. రాగితీగ చుట్టి చుట్టి గీతలు పడిన ఆ వ్రేళ్లతోనే నా కళాశాల రుసుము నోట్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టేవారు.

2016లో నేను బి.కాం. రెండవ సంవత్సరం చదువుతుండగా మామూ తన పేర బీమా తీసుకోవాలనుకొన్నారు. ఆయనకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు అప్పటికి ఏడవ తరగతి. “నేను చదువుకొన్నవాణ్ణి కాను. ఏ కంపెనీ మంచిదో నీవే చూసి చెప్పు” అన్నారు నాతో. ఇంట్లో నా చదువుకు మొదటిసారి ఒక పని దొరికినది. ఆ గర్వం ఎంతటిదో ఈ సంచిక చదివే విద్యార్థులలో చాలామందికి తెలుసును.

వారం రోజులు కూర్చుని లెక్కలు తీశాను. బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ఏటా ఒక నివేదిక వెలువరిస్తుంది. ఏ జీవిత బీమా కంపెనీకి ఎన్ని మరణ క్లెయిములు వచ్చినవి, ఎన్ని చెల్లించినది, ఎన్ని త్రోసిపుచ్చినది అందులో ఉంటుంది. వచ్చిన నూటిలో చెల్లించినవి ఎన్నో అదే చెల్లింపు నిష్పత్తి. 2014–15 సంవత్సరానికి జీవిత బీమా సంస్థ నూటికి 98కి పైగా వ్యక్తిగత మరణ క్లెయిములు చెల్లించగా, ప్రైవేటు కంపెనీలన్నీ కలిసి నూటికి 89కి పైచిలుకు చెల్లించినవి. ప్రైవేటు కంపెనీలలో మామూకు అందుబాటు ప్రీమియం గలదీ, నిష్పత్తి 95 దాటినదీ ఒకటి కనబడినది. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. నేను గీసిన పట్టిక తీసుకొని దుకాణానికి వెళ్లి, “నూటికి తొంభై అయిదుగురికి డబ్బు ఇచ్చారు మామూ, మంచి కంపెనీ” అని చెప్పాను.

ఆయన చేతిలోని తీగను క్రింద పెట్టి ఆ పట్టికను కొంతసేపు చూశారు. “మిగిలిన అయిదుగురు ఎవరు బేటా?” అన్నారు.

“అబద్ధం చెప్పినవారై ఉంటారు” అన్నాను నేను, క్షణమైనా ఆలోచించకుండా.

మరునాడు ఏజెంటు ప్రతిపాదన పత్రం తెచ్చాడు. పత్రం ఆంగ్లంలో ఉన్నది. నేనే పూర్తి చేశాను. పేరు, వయస్సు, వృత్తి వ్రాసి ఆరోగ్యపు ప్రశ్నల దగ్గరకు వచ్చాను. మధుమేహం ఉన్నదా అని ఒక ప్రశ్న. మామూకు నాలుగేండ్లుగా చక్కెర వ్యాధి ఉన్నదని మా ఇంటిలో పసిపిల్లకు కూడ తెలుసు. నేను కలం ఆపాను. “మాత్రలు వేసుకొంటున్నారు, అదుపులో ఉన్నది కదా. ‘ఉన్నది’ అంటే పరీక్షలంటారు, ప్రీమియం పెంచుతారు, ఆలస్యం. ‘లేదు’ అని వ్రాసేయండి, అందరూ అట్లాగే వ్రాస్తారు” అన్నాడు ఏజెంటు. నేను ‘లేదు’ అని వ్రాశాను. మామూ ఉర్దూలో సంతకం చేశారు. ఆంగ్లం రానివారు సంతకం చేసినప్పుడు క్రింద ఇంకొక వాక్యం ఉంటుంది: పత్రంలోని విషయాలన్నీ సంతకందారుకు అతని భాషలో చదివి వివరించినట్లు ధ్రువీకరణ. ఆ వాక్యం క్రింద నేను సంతకం చేశాను. చదివి వివరించలేదు.

అయిదు లక్షల పాలసీ. ఏటికి 4,600 రూపాయల ప్రీమియం. మామూ మూడు పర్యాయాలు గడువుకు ముందే చెల్లించారు. 2019 జనవరిలో ఒక రాత్రి దుకాణం మూసి వచ్చి, ఛాతీలో నొప్పి అన్నారు. తెల్లవారేసరికి మామూ లేరు.

క్లెయిము పత్రాలు నేనే పంపాను. నా పట్టిక మీద నాకు అంత నమ్మకం ఉండెను. నెల తిరగకుండానే కంపెనీ తరఫున పరిశోధకుడు వచ్చి, మామూ మాత్రలు తెచ్చుకొనే ఆసుపత్రిలో చీటీలు చూసి వెళ్లాడు. ఏప్రిల్ నెలలో ఉత్తరం వచ్చినది. మధుమేహాన్ని దాచి మోసపూరితంగా పాలసీ పొందినందున క్లెయిమును తిరస్కరిస్తున్నామనీ, చెల్లించిన ప్రీమియం కూడ తిరిగి ఇవ్వబడదనీ అందులో ఉన్నది. మా ముమానీకి ఆ ఉత్తరం చదివి చెప్పవలసిన వాణ్ణి నేనే. మామూ అడిగిన ఆ ప్రశ్న అప్పుడు నాకు జ్ఞాపకం వచ్చినది. ఆ అయిదుగురిలో ఒకరు మా ఇంటివారయ్యారు.

ఇక్కడ కొంచెము ఆగి ఆ నిష్పత్తిని గురించి చెప్పవలసి ఉన్నది. చెల్లింపు చరిత్ర చూడనక్కరలేదని నా అభిప్రాయం కాదు. మన దేశంలో జీవిత బీమా చరిత్ర అంతా మాట నిలుపుకొనని కంపెనీల చరిత్ర కూడ. 1818లో కలకత్తాలో మొదటి కంపెనీ పుట్టినది. అది 1834లో మూతపడినది. మన తెలుగువారిలో డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని మచిలీపట్నంలో స్థాపించినది ప్రజలు తమ పొదుపును తమవారి చేతిలో నమ్మకంగా ఉంచుకోవాలనే. అయినను 1956కు ముందటి పదేండ్లలో దేశంలో ఇరవై అయిదు జీవిత బీమా కంపెనీలు దివాలా తీసినవి. 1955 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ పార్లమెంటులో ఒక బీమా కంపెనీ నిధుల దుర్వినియోగాన్ని బయటపెట్టారు. 1956 సెప్టెంబరు 1న 245 సంస్థలను కలిపి జీవిత బీమా సంస్థ ఏర్పడినది. ఆ సంస్థ పాలసీ సొమ్ముకు కేంద్ర ప్రభుత్వమే హామీ అని చట్టంలో వ్రాసుకొన్నారు. 1999 చట్టంతో మరల ప్రైవేటు కంపెనీలకు ద్వారం తెరచినప్పుడు, హామీకి బదులు లెక్కలు ప్రకటించే పద్ధతి వచ్చినది. కనుక ఆ లెక్కలు చూడడం మన హక్కు, మన అవసరం.

మన పెద్దలు పట్టిక చూడకపోయినా చెల్లింపు చరిత్ర చూస్తూనే ఉన్నారు. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో దేశంలోనే మొదటిసారిగా వాన తక్కువైతే పరిహారమిచ్చే బీమా ప్రవేశపెట్టారు. మరుసటి ఏడు అది మన అనంతపురం జిల్లాకు వచ్చినది. దానిని పరిశీలించిన ఆర్థికవేత్తలు, రైతు తనకు తెలిసిన, నమ్మిన మనిషి చెబితేనే ఎక్కువగా కొన్నాడని కనుగొన్నారు. గుజరాత్‌లో జరిగిన ఇటువంటి పరిశీలనలో, పరిహారం అందిన గ్రామాలలో మరుసటి ఏడు కొనేవారు పెరిగారని తేలినది. ప్రక్కింటివాడికి డబ్బు ముట్టినదా లేదా అన్నదే పల్లెటూరి చెల్లింపు నిష్పత్తి. అయితే 2016 ఖరీఫ్‌లో మొదలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో కంపెనీని టెండరు ద్వారా ప్రభుత్వం నిర్ణయిస్తుంది. రైతుకు ఎన్నుకొనే అవకాశం లేదు. జీవిత బీమాలో ఆ అవకాశం మన చేతిలో ఉన్నది గనుకనే బాధ్యత కూడ మన మీద ఉన్నది.

కాని ఆ నిష్పత్తి చెప్పని విషయాలు కొన్ని ఉన్నవి. అది పాలసీల సంఖ్యను లెక్కిస్తుంది, సొమ్మును కాదు. చిన్న పాలసీలు తొంభై ఎనిమిది చెల్లించి, పెద్దవి రెండు త్రోసిపుచ్చినా నిష్పత్తి 98గానే ఉంటుంది. కనుక సొమ్ము లెక్కన ఇచ్చే నిష్పత్తిని కూడ ప్రక్కన పెట్టి చూడాలి. రెండవది, పాత కంపెనీకి వచ్చే క్లెయిములలో ఏండ్ల తరబడి సాగిన పాలసీలు ఎక్కువ. క్రొత్త కంపెనీకి వచ్చేవాటిలో రెండు మూడేండ్ల పాలసీలు ఎక్కువ. 1938 బీమా చట్టం 45వ సెక్షను 2015 సవరణ ప్రకారం, పాలసీకి మూడేండ్లు నిండిన తరువాత దానిని ఏ కారణం చేతనూ ప్రశ్నించరాదు. పాలసీ మధ్యలో ఆగిపోయి మరల పునరుద్ధరించుకొంటే ఆ మూడేండ్లు పునరుద్ధరణ నాటినుండి మరల లెక్కకు వస్తవి. అందుచేత పాత కంపెనీకి త్రోసిపుచ్చే అవకాశమే తక్కువ. రెండింటినీ ఒకే త్రాసులో వేయడం పూర్తి న్యాయం కాదు. మూడవది, చెల్లించినారు అన్నంత మాత్రాన ఎన్ని నెలలకు చెల్లించినారో అందులో తెలియదు. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం విచారణ అక్కరలేని మరణ క్లెయిమును 15 రోజులలో, విచారణ జరిగితే 45 రోజులలో పరిష్కరించాలి.

2022–23 నాటికి ప్రైవేటు కంపెనీల నిష్పత్తి కూడ నూటికి 98కి చేరినది. దాదాపు అందరూ ఒకే మెట్టు మీద నిలిచినప్పుడు, తొంభై ఎనిమిదా తొంభై తొమ్మిదా అని చూసి ఎన్నుకొనడంలో లాభం స్వల్పం. తిరస్కరింపబడినవారు ఎందుకు తిరస్కరింపబడినారన్న ప్రశ్నే మిగులుతుంది. మామూ నాడు నన్ను అడిగిన ప్రశ్న అదే.

మేము కంపెనీ ఫిర్యాదుల అధికారికి వ్రాశాము, జవాబు మారలేదు. అప్పుడు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాశాము. 1998లో ఏర్పడిన ఈ వ్యవస్థను మనవారు చాలామంది ఎరుగరు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ముందుగా కంపెనీకి ఫిర్యాదు చేసి ఉండాలి. వారు త్రోసిపుచ్చినా, నెల దాటి జవాబు ఇవ్వకపోయినా, ఒక సంవత్సరం లోపల తెల్ల కాగితం మీద వ్రాసి పంపవచ్చును. ఇచ్చిన తీర్పుకు కంపెనీ కట్టుబడాలి; మనకు సమ్మతం కాకపోతే వినియోగదారుల కమిషనుకు వెళ్లే దారి తెరచే ఉంటుంది.

విచారణ నాడు ముమానీ, నేను తెల్లవారుజామున హైదరాబాదులో దిగాము. కంపెనీ ప్రతినిధి ప్రతిపాదన పత్రం నకలు ముందు పెట్టాడు. చక్కెర వ్యాధి గుండెకు సంబంధించిన అపాయమే గనుక అది ముఖ్య విషయమనీ, తెలిసి ఉంటే వేరే ప్రీమియం కోరి ఉండేవారమనీ చెప్పాడు. 2009లో సత్వంత్ కౌర్ సంధూ కేసులో సుప్రీంకోర్టు మధుమేహాన్ని చెప్పకపోవడం ముఖ్య విషయాన్ని దాచడమేనని తీర్పు చెప్పిన సంగతి నేను అప్పటికే చదివి ఉన్నాను. నాకు ఎదురు మాట లేదు. పత్రం చూస్తూ ఆ పెద్దమనిషి, “ఈ దస్తూరీ ఎవరిది?” అని అడిగారు.

ముమానీ నా వంక చూడలేదు. ఆమెకు అంతవరకు నేను ఆ సంగతి చెప్పలేదు. “ఏజెంటు చెప్పాడు” అనే మాట నా నాలుక చివరన ఉన్నది. అది అబద్ధం కూడ కాదు. కాని ఆ మాటతో మొదలుపెడితే మిగిలినది చెప్పలేనని తోచినది. “నాదండీ. ‘లేదు’ అని వ్రాసినది నేను. చదివి వినిపించినట్లు సంతకం చేసినదీ నేను. చదివి వినిపించలేదు. ఆయనకు ఆ ప్రశ్న ఉన్నదని కూడ తెలియదు” అన్నాను.

తీర్పు కొన్ని వారాలకు వచ్చినది. ముఖ్య విషయం దాచబడినది గనుక క్లెయిము తిరస్కరణ సరియైనదే. కాని మరణించిన వ్యక్తికి మోసగించే ఉద్దేశం ఉన్నట్లు తేలలేదు గనుక, అదే 45వ సెక్షను ప్రకారం చెల్లించిన ప్రీమియమంతా తిరిగి ఇవ్వవలసినది. 13,800 రూపాయలు. అయిదు లక్షలు రావలసిన ఇంటికి ఆ మొత్తం చేరినది. ఇంకొక రెండు నెలలు గడిచిన తరువాత ఆ తిరస్కరణ ఉత్తరం వచ్చి ఉంటే మూడేండ్లు నిండి ఉండేవి. ఆ రెండు నెలల లెక్క చాలా రాత్రులు వేసుకొన్నాను. తరువాత మానుకొన్నాను. గడువు దాటి ఉంటే డబ్బు వచ్చి ఉండునేమో గాని, నేను వ్రాసినది సత్యం అయి ఉండేది కాదు. ‘ఉన్నది’ అని ఒక్క మాట వ్రాసి ఉంటే ఒక రక్త పరీక్ష, ఏటికి మరికొంత ప్రీమియం. మామూ అది సంతోషంగా చెల్లించి ఉండేవారు. ఆయనకు తెలియకుండా ఆయన పక్షాన నేను పొదుపు చేశాను.

తిరుగు ప్రయాణంలో బస్సు అనంతపురం దాటే వరకు ముమానీ మాట్లాడలేదు. తరువాత మెల్లగా, “ఆయనకు చదవడం రాదు, నీ మీద ఎతబార్‌తో సంతకం చేశారు. నీకు చదవడం వచ్చును గదా, నీవు ఎవరి మీద ఎతబార్‌తో చేశావు బేటా?” అన్నారు. ఆ మాటలో కోపం లేదు. నాకు జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

దుకాణం ఇప్పుడు మామూ పెద్దకొడుకు నడుపుతున్నాడు. చదువు పదితో ఆగిపోయినది. ఆ సంగతి ఈ వ్యాసంలో వ్రాయవద్దని అతను అనలేదు, అందుకే వ్రాశాను. ఆదివారాలు నేను ఆ దుకాణం అరుగు మీద కూర్చుంటాను. బీమా కాగితాలు పట్టుకొని ఎవరో ఒకరు వస్తారు: ఆటో నడిపేవారు, కాయల మిల్లులో పనిచేసేవారు, చుట్టుప్రక్కల పల్లెల రైతులు. ‘ఏ కంపెనీ మంచిది?’ అన్నదే అందరి మొదటి ప్రశ్న. నేను మూడేండ్ల చెల్లింపు లెక్కలు వరుసగా చూపిస్తాను, ఎందుకనగా ఒక్క సంవత్సరపు లెక్క ఒక్క వాన వంటిది. సంఖ్య లెక్కనే గాక సొమ్ము లెక్కన కూడ చూపిస్తాను. ఆ తరువాత పత్రంలోని ప్రతి ప్రశ్ననూ తెలుగువారికి తెలుగులో, మనవారికి దక్కనీలో చదివి వినిపిస్తాను. జవాబు వారి నోటనే చెప్పించి వ్రాస్తాను. బీడీ త్రాగుతారా, పూర్వం ఆపరేషను జరిగినదా, వేరే పాలసీ ఉన్నదా — దేనినీ దాటవేయను. నకలు ఒకటి ఇంట్లో పెట్టుకొమ్మంటాను. నామినీకి అది ఎక్కడ ఉన్నదో చెప్పమంటాను. కొందరు విసుగుకొని లేచిపోతారు. “ఏజెంటు అయిదు నిమిషాలలో ముగించాడు, నీకు గంట కావాలా?” అంటారు.

విద్యార్థి మిత్రులారా, మీ ఇంట్లో మొదటిసారిగా ఆంగ్లం చదవగలిగినవారు మీలో చాలామంది ఉన్నారు. రేపో మాపో మీ నాన్నగారు, మీ మామూ, మీ ప్రక్కింటి పెద్దమ్మ ఒక పత్రం మీ ముందు పెడతారు. కంపెనీ మాట నిలుపుకొన్న చరిత్ర ఎటువంటిదో తప్పక చూడండి. కాని ఆ చరిత్రలో మీ ఇంటివారు ఏ ప్రక్కన చేరతారో కొంత మీ కలం చేతిలో ఉన్నదని మరువకండి. “మిగిలిన అయిదుగురు ఎవరు?” అని వారు అడిగితే తొందరపడి జవాబు చెప్పకండి. ముందుగా పత్రం పూర్తిగా చదివి వినిపించండి.